గుర్రం చూపు, గుర్రం బెదురు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల పశుపోషణ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో గుర్రాలను గురించినవే ఎక్కువగా ఉన్నాయి. రాసినవారు వేరైనా అడిగిన సంగతి దాదాపు ఒక్కటే: అప్పటిదాకా నెమ్మదిగా నడుస్తున్న గుర్రం ఏదో ఒక వస్తువు కంటపడగానే ఎందుకు బెదురుతుంది, దాన్ని మొండితనం అనుకోవాలా, భయం అనుకోవాలా? వాటిలో ఐదు ఉత్తరాలను ఎంచుకుని, పశువైద్యుడిగా గుర్రాల దగ్గర పనిచేసిన అనుభవాన్నీ, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలనూ ఆధారం చేసుకుని సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదు శివార్లలో గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. దారి పక్కన నీలిరంగు పట్టా కప్పిన తోపుడుబండి ఒకటి ఎప్పుడూ నిలబెట్టి ఉంటుంది. వెళ్ళేటప్పుడు దాని పక్కనుంచి నిశ్చింతగా నడిచే గుర్రం, తిరిగి వచ్చేటప్పుడు అదే బండిని చూసి పక్కకు గెంతుతోంది. గుర్రానికి ఒక కన్ను చూసింది రెండో కంటికి తెలియదని అక్కడివాళ్ళు అంటున్నారు. నిజమేనా? (ఒక తల్లి, హైదరాబాదు)

జవాబు: ఆ మాట అనేక దేశాల గుర్రపుశాలల్లో వినబడుతుంది కానీ, ఉన్నదున్నట్టుగా తీసుకుంటే అది నిజం కాదు. అమెరికాలో ఎవెలిన్ హాంగీ అనే పరిశోధకురాలు 1999లో ప్రచురించిన ప్రయోగంలో గుర్రం కన్ను ఒకటి గంతతో మూసి, తెరిచి ఉన్న కంటితోనే కొన్ని బొమ్మల మధ్య తేడాను గుర్తుపట్టడం నేర్పారు. ఆ తరువాత గంతను రెండో కంటికి మార్చి పరీక్షించినప్పుడు, నేర్చుకునే సమయంలో మూసి ఉన్న కంటితో కూడా గుర్రం సరైన బొమ్మనే ఎంచుకుంది. అంటే ఒక వైపు నుంచి అందిన సమాచారం మెదడులో రెండో వైపుకు చేరుతూనే ఉంది.

అంతమాత్రాన మీ అమ్మాయి చూసినది అబద్ధమైపోదు. వెళ్ళేటప్పుడు కనిపించే బండి, వచ్చేటప్పుడు కనిపించే బండి మనకు ఒకటే గానీ గుర్రానికి ఒకటి కాకపోవచ్చు. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో టెంపుల్ గ్రాండిన్ బృందం దీన్ని నేరుగా పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించింది. రెండు మూడేళ్ళ వయసున్న గుర్రాలను, పిల్లలు ఆడుకునే రంగురంగుల ప్లాస్టిక్ ఆటసామగ్రి పక్కగా అలవాటు పడేవరకు పదే పదే నడిపించారు. బెదురు తగ్గిన తరువాత ఆ సామగ్రిని అక్కడే ఉంచి, 90 డిగ్రీలు తిప్పి పెట్టారు. గుర్రాలు దాన్ని మొదటిసారి చూసినప్పటిలాగే, ఏదో కొత్త వస్తువు ఎదురైనట్టుగా స్పందించాయి. తోపుడుబండికి ఒక వైపు చక్రాలు, మరో వైపు తోసే కర్ర ఉంటాయి. పట్టా అంచు ఒక పక్క బిగుతుగా ఉంటే ఇంకో పక్క గాలికి రెపరెపలాడుతుంది. ఉదయం ఎండ ఒక దిక్కునుంచే పడుతుంది. ఇవన్నీ కలిసి తిరుగు ప్రయాణంలో దాని ఆకారాన్నే మార్చేస్తాయి.

ఇక రెండో కారణం మరింత ఆసక్తికరమైనది. నాకు ఎక్కువ ఇష్టమైనది కూడా. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల అది చాలా వస్తువులను ఒకే కంటితో చూస్తుంది. ఆ కంటినుంచి వెళ్ళే నరాల పోగులలో అత్యధిక భాగం మెదడులోని ఎదుటి అర్ధభాగానికి చేరుతుంది కనుక, గుర్రం ఏ కంటితో చూస్తున్నదో గమనిస్తే మెదడులోని ఏ సగం ముందుగా పనిచేస్తున్నదో కొంతవరకు ఊహించవచ్చు. ఫ్రాన్సులో 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 38 అరబ్బీ ఆడగుర్రాలకు మూడు రకాల వస్తువులను చూపించారు. ఒకటి వాటికి మంచి అనుభవాన్ని గుర్తుచేసేది, ఒకటి చెడు అనుభవాన్ని గుర్తుచేసేది, మూడోది అవి ఎన్నడూ చూడనిది. కొత్త వస్తువును అవి ఎక్కువగా కుడి కంటితో పరిశీలించాయి. చెడు అనుభవంతో ముడిపడిన వస్తువు వైపు ఎడమ కంటిని తిప్పే ధోరణి కొద్దిగా కనిపించింది. ఇష్టమైన వస్తువు దగ్గర మాత్రం ఏ కంటికీ మొగ్గు కనబడలేదు. అంటే గుర్రం ఒక వస్తువును ఏ కంటితో చూస్తుందన్నది, దాని పట్ల ఆ గుర్రానికి ఉన్న భావాన్ని బట్టి కూడా ఉంటుందన్నమాట.

ఇది వస్తువులకే పరిమితం కాదు. ఇంగ్లాండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించినప్పుడు, కోపంతో ఉన్న ముఖాన్ని అవి ఎడమ కంటితో చూడటానికే మొగ్గు చూపాయి. వాటి గుండె వేగం కూడా త్వరగా పెరిగింది. ఆస్ట్రేలియాలో 2007లో వచ్చిన మరో పరిశోధనలో, గుర్రాన్ని సమీపిస్తూ గొడుగు తెరిచినప్పుడు కుడి పక్కనుంచి వచ్చిన గొడుగు కంటే ఎడమ పక్కనుంచి వచ్చినదానికి అవి ఎక్కువగా బెదిరాయి. కాబట్టి మీ అమ్మాయిని ఒక చిన్న విషయం గమనించమనండి: గుర్రం గెంతినప్పుడు బండి దాని ఎడమ పక్కన ఉంటున్నదా, కుడి పక్కన ఉంటున్నదా? ఎడమ పక్కన అయితే పైన చెప్పినది కొంత వర్తించవచ్చు. ఏ పక్కన అయినా చేయవలసిన పని మాత్రం ఒకటే. ఒక రోజు స్వారీ మానుకుని, గుర్రాన్ని చేత్తో పట్టుకుని ఆ బండి చుట్టూ రెండు దిక్కుల్లోనూ నెమ్మదిగా నడిపించాలి. ఒక వైపు నుంచి అలవాటు చేస్తే చాలు, రెండో వైపు దానంతటదే వస్తుందని అనుకోకూడదు.

ప్రశ్న: ఎర్రని గుడ్డ చూస్తే గుర్రానికి కోపం వస్తుందా? (కాలేజీ విద్యార్థి, అనంతపురం)

జవాబు: రాదు. మన కంటిలో రంగులను గుర్తించే కణాలు మూడు రకాలుంటే, గుర్రం కంటిలో రెండే రకాలు ఉంటాయి. నీలం, పసుపు ఛాయలు దానికి బాగానే తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. పచ్చిక మీద ఎర్రని గుడ్డ మనకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది గానీ గుర్రానికి అది పరిసరాల్లో కలిసిపోయినట్టే ఉంటుంది. ఆ గుడ్డ గాలికి కదిలితే బెదరవచ్చు; ఆ బెదురుకు కారణం కదలికే.

ఈ విషయం అర్థం కావడం వల్ల బ్రిటన్‌లో గుర్రప్పందేల తీరులో ఒక మంచి మార్పు వచ్చింది. అక్కడ గుర్రాలు దూకే అడ్డంకులకు చాలాకాలంగా నారింజ రంగు గుర్తులు ఉండేవి. మనిషి కంటికి అది చాలా ప్రకాశవంతమైన రంగు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్రం కంటికి ఆ రంగు ఎలా కనిపిస్తుందో లెక్కగట్టి, తెలుపు, పసుపు, నీలం రంగులు వెనక ఉన్న పచ్చదనం నుంచి మరింత స్పష్టంగా విడివడి కనిపిస్తాయని చూపారు; అడ్డంకి రంగు మారినప్పుడు గుర్రం నేలను వదిలే కోణం, దూరం కూడా మారాయి. దాని ఆధారంగా అక్కడి పందేల నియంత్రణ సంస్థ నారింజకు బదులు తెలుపు వాడాలని 2022లో ప్రకటించింది. దూకేవారి కంటితో కాకుండా చూసేవారి కంటితో ఎంచిన రంగు అన్నాళ్ళు అలాగే కొనసాగడం నాకు బాధ కలిగించే విషయం.

ప్రశ్న: విశాఖ తీరంలో పిల్లలను గుర్రం ఎక్కించి తిప్పడం మా జీవనాధారం. ఈమధ్య కొన్న గుర్రం అల నురుగు గీతలా వచ్చేసరికి ఆగిపోతోంది. సాయంత్రం పూట తన నీడను చూసి కూడా ఉలిక్కిపడుతోంది. గాలి సోకిందని, దిష్టి తీయించమని అంటున్నారు. మీరేమంటారు? (ఒక గుర్రం యజమాని, విశాఖపట్నం)

జవాబు: దిష్టి తీయడం మీ ఇష్టం, దానివల్ల గుర్రానికి నష్టమేమీ లేదు, కానీ కారణం గుర్రం చూపులోనే ఉందని నా అభిప్రాయం. నేల మీద తిరిగే జంతువులలో అతి పెద్ద కళ్ళు ఉన్నవాటిలో గుర్రం ఒకటి. తల తిప్పకుండానే సుమారు 350 డిగ్రీల మేర, అంటే తన చుట్టూ ఉన్న దాదాపు అంతటినీ చూడగలదు. గడ్డి మైదానాల్లో పులుల బారిన, తోడేళ్ళ బారిన పడకుండా బతికిన జాతికి అది ఎంతో అవసరం. అయితే ఆ విశాలమైన చూపుకు అది కొంత మూల్యం చెల్లించింది. రెండు కళ్ళూ కలిసి చూసే భాగం ముందువైపు ఇరుకుగా ఉంటుంది. లోతును, ఎత్తుపల్లాలను కచ్చితంగా అంచనా వేయడానికి ఆ భాగమే ఎక్కువగా ఉపయోగపడుతుంది. తోక వెనక, నుదుటి ఎదుట, ముట్టె కింద దానికి ఏమీ కనబడని చోట్లు ఉన్నాయి. రెండు కళ్ళూ కలిసే ఆ చూపు ముక్కు వెంబడి కిందికి దిగి ఉంటుంది కనుక, కాళ్ళ ముందున్న నురుగు ఎంత లోతో, అసలు అది గట్టి నేలో కాదో తేల్చుకోవాలంటే గుర్రం తల వంచాలి, మెడ చాచాలి, ఒక్కోసారి తల పక్కకు వాల్చి చూడాలి. సరిగ్గా ఆ క్షణంలోనే మనం భయపడి పగ్గాలు బిగించి తల పైకి లాగుతాం. చూడవలసిన వస్తువు చూపుకు అందకుండా పోతుంది, నోట్లో కళ్ళెం నొప్పి పుడుతుంది. ఇక ఆ నురుగంటేనే నొప్పి అన్న జ్ఞాపకం దాని మనసులో పడిపోతుంది.

నీడల సంగతి మరీ పాతది. అలెగ్జాండర్ గుర్రం బ్యూసెఫలస్ కథను ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టాడు. ఎవరికీ లొంగని ఆ గుర్రం తన ముందు కదులుతున్న తన నీడనే చూసి బెదురుతోందని గమనించిన బాలుడు అలెగ్జాండర్, దాన్ని సూర్యుడికి ఎదురుగా తిప్పి, మెల్లగా నిమిరి, ఆ తరువాతే ఎక్కాడట. కథలో ఎంత చరిత్ర ఉందో గానీ గుర్రాన్ని కనిపెట్టి చూసినవారు చెప్పిన మాటే అది. మీరు కూడా సాయంత్రం పూట నీడ వెనక్కి పడేటట్టు, అంటే సూర్యుడికి ఎదురుగా మొదట నడిపించండి.

మరొకటి. చీకటినుంచి వెలుతురుకు, వెలుతురునుంచి చీకటికి అలవాటు పడటానికి గుర్రం కంటికి మనకన్నా ఎక్కువ సమయం పడుతుంది. మసక వెలుతురులో అది మనకంటే బాగా చూడగలదు, ఎందుకంటే కంటి వెనక వెలుగును తిప్పికొట్టే ఒక పొర ఉంటుంది. కానీ ఆ మార్పు జరిగే కాసేపూ దానికి ఇబ్బందే. మధ్యాహ్నపు ఎండలోంచి నేరుగా చీకటిగా ఉన్న వ్యానులోకి ఎక్కమంటే ఎక్కని గుర్రాలలో చాలావాటికి ఉన్న కష్టం ఇదే. వ్యాను లోపల దీపం వేసి, గుమ్మం దగ్గర కొద్దిసేపు నిలబెడితే చాలా గుర్రాలు కొట్టకుండానే ఎక్కుతాయి.

ప్రశ్న: గుర్రానికి నిజంగా భయం వేస్తోందా, లేక పని తప్పించుకోవడానికి వేషాలు వేస్తోందా అన్నది ఎలా తెలుసుకోవాలి? భయమే అయితే ఎలా పోగొట్టాలి? (స్వారీ శిక్షకుడు, విజయవాడ)

జవాబు: ముందుగా గుర్రాన్ని దగ్గరనుంచి, ఒక్కొక్క అవయవం చొప్పున చూడండి. తెలియని వస్తువు కంటపడిన గుర్రం మొదట తల పైకెత్తుతుంది, మెడ గట్టిపడుతుంది, రెండు చెవులూ ఆ వస్తువు వైపు రిక్కిస్తుంది. ముక్కుపుటాలు విప్పారి బుస్సుమని గాలి వదులుతుంది. కంటిపై చర్మం లోపలి మూల పైకి లేచి ముడత పడుతుంది, కొన్నింటిలో కంటి తెల్లగుడ్డు బయటపడుతుంది. నోటి చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. ఆ తరువాత దానికి అవకాశం ఇస్తే ఏం చేస్తుందో చూడటం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం. ముందు కాళ్ళు కదపకుండా మెడ మాత్రం పొడవుగా సాచి, వెనక కాళ్ళు ఎప్పుడైనా పరుగెత్తడానికి సిద్ధంగా కిందికి ఒదిగించి, పై పెదవి వణుకుతుండగా వస్తువును వాసన చూస్తుంది. ఒక్క అడుగు వెనక్కి వేసి మళ్ళీ వస్తుంది. చివరకు పెదవితో తాకుతుంది. తాకిన తరువాత తల దించి, నోరు కదిలించి, నిట్టూర్చినట్టు శ్వాస వదిలిందంటే ఆ వస్తువుతో దాని పరిచయం చాలావరకు పూర్తయినట్టే. పని తప్పించుకోవడానికి ఇంత వరుసగా నటించడం ఏ జంతువుకూ సాధ్యం కాదు. నిజానికి గుర్రం వేషాలు వేస్తోందన్న మాటను నేను చాలాకాలంగా ఒప్పుకోను. ఆ పేరు మీద తిన్న దెబ్బలు ఎన్నో గుర్రాలను శాశ్వతంగా పిరికివిగా మార్చాయి.

కదలకుండా నిలబడిన ప్రతి గుర్రమూ ప్రశాంతంగా ఉన్నట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద గుర్రానికి విశ్రాంతిలో గుండె నిమిషానికి సుమారు 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. బాగా శిక్షణ పొందిన గుర్రం పైకి చెప్పినట్టు వింటూనే, లోపల అంతకు చాలా ఎక్కువ వేగంతో గుండె కొట్టుకుంటూ ఉండవచ్చు. దవడ కింద నాడి పట్టి చూసే అలవాటు ప్రతి శిక్షకుడికీ ఉండాలని నా కోరిక.

భయం పోగొట్టే పద్ధతుల గురించి డెన్మార్క్‌లో యానె విన్తర్ క్రిస్టెన్‌సెన్, ఆమె సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనం మీకు ఉపయోగపడుతుంది. రెండేళ్ళ వయసున్న 27 మగగుర్రాలను మూడు గుంపులుగా చేసి, కదిలే తెల్లని నైలాన్ సంచికి అలవాటు చేశారు. ఒక గుంపుకు సంచిని మొదటినుంచీ పూర్తిగా కదిలిస్తూ చూపించారు, ఒక గుంపుకు సంచితో పాటు మేతను జోడించారు, మూడో గుంపుకు ముందు కదలని సంచిని, తరువాత కొద్దిగా కదిలేదాన్ని, ఆపైన మరికొంత కదిలేదాన్ని మెట్టు మెట్టుగా పరిచయం చేశారు. మూడో పద్ధతిలో గుర్రాలు తక్కువగా బెదిరాయి, తక్కువ తరగతుల్లోనే నేర్చుకున్నాయి, ఆ గుంపులో నేర్చుకోనిది ఒక్కటీ మిగలలేదు. మిగిలిన రెండు పద్ధతుల్లో కొన్ని గుర్రాలు చివరిదాకా అలవాటు పడలేదు. అందువల్ల బెదిరే వస్తువు ముందు గుర్రాన్ని కట్టేసి ‘అదే అలవాటవుతుందిలే’ అని వదిలేయడం పనికిరాదు. భయం మొదలయ్యే దూరానికి కాస్త ఇవతలే పని మొదలుపెట్టాలి. వస్తువును ఎరిగిన నిదానపు గుర్రాన్ని ఒకదాన్ని తోడుగా నడిపిస్తే పని మరింత సులువవుతుంది; తోటి గుర్రం భయపడకపోవడం కొత్త గుర్రానికి పెద్ద ధైర్యం.

ఆ తోడులో మీరూ ఉన్నారు. స్వీడన్‌లో 2009లో వచ్చిన ఒక పరిశోధనలో, కొందరిని గుర్రాలతో ఒక దారి వెంట నాలుగుసార్లు వెళ్ళమన్నారు. నాలుగోసారి వెళ్ళేటప్పుడు పక్కన గొడుగు తెరుస్తామని మనుషులకు ముందే చెప్పారు, కానీ గొడుగు తెరవనే లేదు. అయినా ఆ నాలుగోసారి మనుషుల గుండె వేగమూ పెరిగింది, గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గుర్రం భయపడబోతోందన్న మన ఆందోళన చేతి పట్టులోనో, శ్వాసలోనో దానికి తెలిసిపోతోంది. కాబట్టి బెదిరే చోటు దగ్గరపడుతున్నప్పుడు పగ్గాలు బిగించకుండా, ఊపిరి బిగపట్టకుండా ఉండటాన్ని మీ విద్యార్థులకు తొలి పాఠాల్లోనే నేర్పండి.

ప్రశ్న: వచ్చే నెల మా తమ్ముడి పెళ్ళి. వరుణ్ణి గుర్రం మీద ఊరేగింపుగా తీసుకువెళ్ళాలని అందరి ముచ్చట. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక అన్నయ్య, నిజామాబాద్)

జవాబు: ఊరేగింపులో గుర్రానికి కష్టం కలిగించేవన్నీ ఒకేచోట చేరతాయని ముందుగా తెలుసుకోండి. చీకటి రోడ్డు మీద కళ్ళలో కొట్టే దీపాలు, ఊగే గొడుగులు, బ్యాండు మోత, చుట్టూ నృత్యాలు, వెనకనుంచి ఎవరో తోకను తాకడం, కాళ్ళ దగ్గర టపాసులు. ఊరేగింపులకు అలవాటున్న గుర్రాన్నే, దాన్ని రోజూ చూసుకునే మనిషితో సహా మాట్లాడుకోండి. ఆ మనిషి మొదటినుంచి చివరిదాకా గుర్రం తల పక్కనే, దానికి కనబడేటట్టు ఉండాలి. దీపాలను ముఖానికి ఎదురుగా పట్టకుండా పక్కగా, ఎత్తుగా పట్టించండి. వెలుగుకు కళ్ళు అలవాటు పడేందుకు బయలుదేరే ముందు గుర్రాన్ని ఆ దీపాల దగ్గర కొంతసేపు నిలబెట్టండి. దాని వెనక ఎవరూ నడవకుండా ఖాళీ ఉంచమని ఇద్దరు బంధువులకు బాధ్యత అప్పగించండి. టపాసులు కాల్చాలనుకుంటే మండపం దగ్గర, గుర్రం వెళ్ళిపోయిన తరువాత కాల్చండి. దాహానికి నీళ్ళు సిద్ధంగా పెట్టండి. పసిపిల్లలను వరుడి ముందు కూర్చోబెట్టే ముచ్చట మానుకోండి.

ఇన్ని చేసినా గుర్రం ఒకచోట ఆగి, తల ఎత్తి, ముందుకు రానంటే బ్యాండును వెంటనే ఆపించి, అది చూస్తున్న దిక్కున ఏముందో చూసి తీయించండి. రెండోసారి కూడా ఆగితే మీ తమ్ముణ్ణి దించి, మిగిలిన దారి నడిపించుకు వెళ్ళండి. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడే, మధ్యలో దించినా పూర్తి కిరాయి ఇస్తామని దాని యజమానికి మాట ఇవ్వండి. డబ్బు పోతుందన్న భయం లేకపోతే, బెదిరిన గుర్రాన్ని ముందుకు లాగవలసిన అవసరం అతనికి ఉండదు.